ధరల వార్తలు, మన నిద్ర

అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర తెలియాలంటే ఒకప్పుడు వేలం దగ్గరికి వెళ్లాల్సిందే. దిమ్మల రంగు, నాణ్యత చూసి వర్తకులు పాట పాడేవారు. సంతోషమో, నిట్టూర్పో, రైతుకి ఆ పూటకి అక్కడితో సరి. ఇప్పుడు ధరలన్నీ జేబులోనే. బంగారం, షేర్లు, రూపాయి విలువ... అర్ధరాత్రి కూడా ఫోను చెబుతూనే ఉంటుంది. వినొద్దని అనను, వినడానికో వేళ పెట్టుకోమంటాను.

2020 మార్చి 23న షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడింది. ఆ ఏడాది చివరికి 47,000 దాటింది. ప్రతిసారీ అలాగే లేస్తుందని కాదు. గంటగంటకీ చూసినవాళ్లకి అదనంగా దక్కింది మాత్రం బెంగే!

బ్యాంకు మీద పుకారు వింటే ఒకటి గుర్తుంచుకోండి. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకి, అసలూ వడ్డీ కలిపి, 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే.

ఇంత తెలిసినా నిద్ర పట్టడం లేదా? అన్నం సయించడం లేదా? 14416కి ఫోను చెయ్యండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ అది. పగలైనా రాత్రైనా పలుకుతారు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో చెప్పుకోలేని అప్పుల దిగులు కూడా అక్కడ చెప్పుకోవచ్చు.