పెద్ద సంఖ్యల కూడిక



రజతోత్సవ వేదికపై లెక్కలను గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మన పఠనమందిరమునకు వచ్చు దినపత్రికలలో నదీజలముల వార్తలు తఱచుగా కనబడును. అవి అంకెలతో నిండియుండును. అక్షరములు చదివి అంకెలను దాటవేయువాడు సగము వార్తనే చదివినవాడగును.

నీటి లెక్కలలో వాడుకలోనున్న ప్రమాణము టి.ఎం.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఒకటి ప్రక్కన తొమ్మిది సున్నలు. వ్రాయుటలో ఒక్క సున్న జాఱినను విలువ పదవవంతగును. అందుచే శాస్త్రజ్ఞులు ఆ సున్నల లెక్కను పదికి పైన చిన్న అంకెగా చేర్చి 10⁹ అని వ్రాయుదురు. ఆ చిన్న అంకెయే ఘాతాంకము. స్థానముల విలువ మనవారికి క్రొత్త గాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన పూర్వమే తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఇట్టి సంఖ్యలను కూడుటెట్లు? 4 మానికలొక కుంచమైనచోట, 3 కుంచములకు 2 మానికలు చేర్చి 5 కుంచములని యెవరును చెప్పరు. అన్నిటిని మానికలుగా మార్చి 14 మానికలనియో, కుంచములుగా మార్చి మూడున్నర కుంచములనియో చెప్పుదురు. కొలపాత్ర ఒక్కటైన పిదపనే కూడిక. ఇచట ఘాతాంకమే కొలపాత్ర.

మన వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ 1908లో హైదరాబాదును ముంచెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తియయ్యెను. దానిలో పట్టునది సుమారు 3.9 × 10⁹ ఘనపుటడుగులు. నాగార్జునసాగరమునకు నిర్మాణకాలమున లెక్కగట్టినది 4.08 × 10¹¹. ఘాతాంకములను చూడక ముందరి అంకెలను కూడినచో 7.98 వచ్చును. అప్పుడు ఒక్క ఉస్మాన్ సాగరు చేరినంతనే నాగార్జునసాగరము ఇంచుమించు రెట్టింపైనట్లు! సరియైన పద్ధతి యిది: 9ని 11 చేయుటకు ఘాతాంకమును రెండు పెంచి, దశాంశ బిందువును రెండు స్థానములు ఎడమకు జరుపవలయును. 3.9 × 10⁹ అనగా 0.039 × 10¹¹. మొత్తము 4.119 × 10¹¹. ఉస్మాన్ సాగరు నీరు ఆ మహాజలాశయములో నూటికి ఒక పాలైనను కాదని దీనివలన తేటపడుచున్నది.

ఘాతాంకములు సమానమైనచో పని సులభము. కృష్ణాజలములపై బచావత్ న్యాయాధికరణము 1973లో ఇచ్చిన తీర్పున, తిరిగివచ్చు నీరు గాక, మహారాష్ట్రకు 5.6, కర్ణాటకకు 7, నాటి ఆంధ్రప్రదేశమునకు 8 చొప్పున వచ్చెను. అన్నియు 10¹¹ ఘనపుటడుగులే. మొత్తము 20.6 × 10¹¹. బిందువునకు ముందు ఒక్క అంకెయే నిలుపుట ఆచారము గనుక 2.06 × 10¹² అని వ్రాయుదుము. అనగా 2,060 టి.ఎం.సి. ఘాతాంకములను మాత్రము ఎన్నడును కూడరాదు. అది గుణకారపు విధి.

తాండూరు మీదుగా పోవు కాగ్నా భీమలో కలిసి కృష్ణను చేరును. కావున ఆ లెక్కలో మన వానచినుకు కూడ కలదు. 2014లో రాష్ట్రము రెండైన పిదప ఆ నీటిలో ఎవరి భాగమెంత యను వాదము బయలుదేరినది. ఇట్టి సమయమున ఎవరో చెప్పిన మొత్తమును నమ్ముటకంటె, కాగితముపై కూడి చూచుకొనుట రైతునకు మేలు. పెద్ద తరగతుల బాలబాలికలు వారమున కొక దినము ఈ మందిరమున కూర్చుండి, పత్రికలోని యొక లెక్కను పెద్దలకు కూడి చూపుదురేని, ఈ రజతోత్సవము సార్థకమగును.