ఒక పనికి ఒకే తావు

కంప్యూటరులో ఒక ఛాయాచిత్రమును భద్రపరచుమని మనము కోరినపుడు, దానికి డిస్కుపై చోటు చూపునది ఏది? ఈ ప్రశ్న చాలమందికి తోచదు. చోటు సక్రమముగా దొరకుచున్నంత కాలము తోచవలసిన అవసరమును లేదు. కాని ఆ చోటు చూపు పనిలో రవంత పొరపాటు జరిగినచో ఇంటి లెక్కలు, బిడ్డల ఫొటోలు, పరీక్షకు వ్రాసికొన్న పాఠములు ఒకదానిమీద నొకటి పడి చెడిపోవును. ఆ పని యెట్లు జరుగునో, దానిని వ్రాసినవారు దాని నెట్లు చక్కదిద్దుకొనిరో నేటి ప్రసంగములో మనవి చేయుదుము.

డిస్కును చిన్న చిన్న గదులుగా భావింతురు. వీనికి బ్లాకులని పేరు. లినక్స్ కంప్యూటర్లలో విరివిగా వాడుకలో నున్న ఎక్స్‌ట్-4 అను ఫైలు వ్యవస్థలో సాధారణముగా ఒక్కొక్క బ్లాకు 4,096 బైట్లు. ఏ బ్లాకు ఖాళీయో, ఏది నిండినదో తెలుపుటకు ఒక పటము కలదు. అందు ఒక్కొక్క బ్లాకునకు ఒక్కొక్క బిట్టు: సున్న యున్న ఖాళీ, ఒకటి యున్న నిండినది. పటము తానును ఒక బ్లాకులోనే యిముడును గనుక దానిలో 32,768 బిట్లు పట్టును. అనగా ఒక్క పటము 128 మెగాబైట్ల చోటునకు కాపు. ఆ చోటునంతయు కలిపి ఒక సమూహ మందురు. డిస్కు నిట్లు భాగించి, ఒక ఫైలు బ్లాకులను వీలైనంత దగ్గరగా నుంచు పద్ధతి, 1984లో బర్కిలీ పరిశోధకులు ప్రకటించిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ అడుగుజాడలలో వచ్చినది.

యాత్రికుల సత్రమును తలచుకొనుడు. గది యిచ్చునపుడు గుమాస్తా పటములో గురుతు పెట్టవలెను; ఆ వరుసలోని ఖాళీల సంఖ్యను తగ్గింపవలెను; సత్రము మొత్తము సంఖ్యను గూడ తగ్గింపవలెను. పటములో గురుతు మరచిన ఒకే గది యిద్దరికి పోవును. సంఖ్య తప్పిన, గది యుండియు లేదనవలసి వచ్చును. ఫైలు వ్యవస్థలోను ఇదే క్రమము. పైగా, కరెంటు నడుమ పోయినను లెక్క చెదరకుండుటకై మార్పును ముందుగా జర్నల్ అను చిట్టాలో వ్రాసికొనవలెను.

అయితే ఈ పని అనేక సందర్భములలో అవసరమగును. క్రొత్త ఫైలునకు చోటిచ్చునపుడు, పాత ఫైలును తీసివేయునపుడు, ఫైలు వ్యవస్థను పెంచునపుడు, కరెంటు పోయి వచ్చిన పిదప చిట్టాను తిరిగి చదువునపుడు పటమును దిద్దవలసినదే. సందర్భము లొక్కటొక్కటిగా చేరినకొలది, పటమును దిద్దు వరుసలు దాదాపు అవే మాటలతో పలుతావుల వెలసినవి. ఒకచోట దోషము కనుగొని సరిచేసినవాడు తక్కిన చోట్లను మరచెనా, దోషము అచ్చటనే దాగియుండును. కరెంటు పోయిన రాత్రి మాత్రమే నడచు దారిలో నున్న దోషము, ఆ రాత్రి వరకు ఎవరి కంటను పడదు.

2023లో ఎక్స్‌ట్-4 నిర్మాతలు ఈ వరుసలను ఒకే ఫంక్షనులోనికి చేర్చిరి. ఇది చూచుటకు సులభము, చేయుటకు కాదు. ఒక్కతీరుగ కనబడునవి యన్నియు ఒక్కటి కావు. మామూలు వేళ మార్పునకు చిట్టా తోడు కావలెను. చిట్టానే తిరిగి చదువుచున్న వేళ ఆ తోడు లేకయే పని సాగవలెను. ఈ భేదమును చెరపివేసి కలిపినచో కలుపుటయే క్రొత్త ప్రమాద మగును. కావున భేదమును పైకి తెలియునట్లు నిలిపి, తక్కినదానిని మాత్రమే యేకము చేసిరి. ఒక్కొక్క అడుగున ఒక్కొక్క తావును మార్చిరి. చోటు పంచు భాగమును విడిగా పరీక్షించు చిన్న ప్రోగ్రాములను గూడ ఆ మార్పులతోనే చేర్చిరి.

ఇంతమాత్రమున నకలు వ్రాయుట యెల్లప్పుడును తప్పని మేము చెప్పము. 2001లో లినక్స్‌లో చేరిన ఎక్స్‌ట్-3ను లోకమంతట లెక్కలేనంత మంది నమ్ముకొని యుండిరి. పెద్ద డిస్కుల కొరకు దానిని మార్పవలసి వచ్చినపుడు, నమ్మినవారి ఫైళ్లతో ప్రయోగము చేయుట తగదని, 2006లో మొత్తమును నకలు తీసి, ఆ నకలునకు ఎక్స్‌ట్-4 అని పేరిడి, మార్పు లందే చేసిరి. 2008లో అది వాడుకకు సిద్ధమైనదని ప్రకటించిరి. ఆ నకలు కాపుదలకై తీసినది. దాని వెల మాత్రము ఏండ్ల తరబడి చెల్లింపవలసి వచ్చినది. రెంటికి నుమ్మడియైన దోషమును రెండుచోట్ల దిద్దవలసి వచ్చెడిది. ఎక్స్‌ట్-4 పాత డిస్కులను గూడ చక్కగా నడపగలదని అనుభవము వలన తేలిన పిమ్మట, 2015లో పాత ప్రోగ్రామును తొలగించిరి. సుమారు 28 వేల పంక్తుల నకలు అంతటితో పోయినది. పాత డిస్కుల నెవరును మార్చుకొనవలసిన పని లేకపోయినది.

నకలునకు పుట్టుటకొక కారణ ముండవచ్చును. ఆ కారణము తీరిననాడు దానిని గుర్తించి తీసివేయు బాధ్యతయు నుండవలెను. ఈ పని ముగిసిననాడు వాడుకరులకు క్రొత్తగా కనబడునదేదియు లేదు. ఫైలు నిన్నటివలెనే తెరచుకొనును, చోటు నిన్నటివలెనే దొరకును. రేపు ఒక దోషము బయటపడినపుడు మాత్రము దానిని దిద్దువాడు వెదకవలసిన తావు ఒక్కటే. మన ఫొటోలకు, మన లెక్కలకు అంతకన్న మంచి కాపుదల వేరొకటి కలదని మాకు తోచదు.