హార్డ్ డిస్క్ సింక్ ఆగిపోయిందా? ఏ బటన్ నొక్కకముందే ఇది చూడండి

పీర్జాదిగూడ నుంచి మళ్లీ మీ ముందుకి వచ్చేశాను. మొన్నటి వీడియో కింద ఒకే ప్రశ్న రకరకాలుగా వచ్చింది. "అన్నా, ఫోన్ నిండిపోయింది, ఫోటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి మార్చాను, ఆ డిస్క్‌ని గూగుల్ డ్రైవ్‌తో సింక్ పెట్టాను, ఇప్పుడు సింక్ అవ్వట్లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యనా?"

వద్దు. ముందు ఈ ఎపిసోడ్ చివరి దాకా చూడండి, తర్వాత చేతులు పెట్టండి. ఎందుకంటే సింక్ ఆగిపోతే ఫైల్స్ పోవు. ఆగిపోయిన సింక్‌ని కంగారులో బాగుచెయ్యబోయి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఫస్ట్ ఒక విషయం క్లియర్ చేసుకుందాం. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే అద్దం. మీరు ఇటు నవ్వితే అద్దంలోనూ నవ్వుతారు, ఇటు నుంచి వెళ్లిపోతే అద్దంలో కూడా ఉండరు. డిస్క్‌లో ఫైల్ పెడితే క్లౌడ్‌లో పెడుతుంది, డిస్క్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా డిలీట్ చేస్తుంది. అది దాని డ్యూటీ. బ్యాకప్ అంటే బీరువా లాకర్. ఇంట్లో హాల్లో ఏం జరిగినా లాకర్‌లో ఉన్నది లాకర్‌లోనే ఉంటుంది. మనలో చాలామంది అద్దాన్ని లాకర్ అనుకుంటున్నాం, ప్రాబ్లమ్ అంతా అక్కడే.

ఒక నిజం కేసు చెప్తాను. ఉప్పల్ రింగ్ రోడ్ దాటి వరంగల్ హైవే మీద ముందుకొస్తే మా ఏరియా. మా దగ్గర ఒకన్న ఫోటో స్టూడియో నడుపుతాడు, పెళ్లిళ్లు, బారసాలలు, హాఫ్ శారీ ఫంక్షన్లు. ఆయన దగ్గర 2 టీబీ డిస్క్, దాన్ని ఒక క్లౌడ్‌కి సింక్ పెట్టుకున్నాడు. పెళ్లిళ్ల సీజన్‌లో డిస్క్ నిండింది. "క్లౌడ్‌లో ఉన్నాయి కదా" అని పాత పెళ్లిళ్ల ఫోల్డర్లు కొన్ని డిస్క్‌లోంచి డిలీట్ కొట్టాడు. యాప్ ఏం చేసింది? తన డ్యూటీ తాను చేసింది, క్లౌడ్‌లోంచి కూడా తీసేసింది.

ఆయనకి ఆ సంగతే తెలీదు. తర్వాత ఒక రోజు ఫోన్ వచ్చింది. ఆ పెళ్లికూతురి నాయనమ్మ పోయారు. దశదిన కర్మకి ఫ్రేమ్ కట్టించాలి, ఆ పెద్దావిడ చక్కగా నవ్వుతూ ఉన్న ఫోటో పెళ్లి ఆల్బమ్‌లోదే, పెద్ద సైజులో కావాలి అని అడిగారు. వాళ్ల ఫోన్లలో ఉన్నవన్నీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యి అయ్యి పాడైన కాపీలే. అన్న డిస్క్ చూశాడు, లేదు. క్లౌడ్ చూశాడు, లేదు. నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతు వణుకుతోంది. నేను అడిగింది ఒక్కటే, "అన్నా, డిలీట్ చేసి ఎన్ని రోజులైంది?" పందొమ్మిది రోజులు. క్లౌడ్ బిన్‌లో 30 రోజులు ఉంచుతారు. బిన్ తెరిచాం, ఫోల్డర్ ఉంది, రీస్టోర్ కొట్టాం. ఇంకో పన్నెండు రోజులు ఆగి అడిగి ఉంటే ఆ ఇంటికి ఆ ఫోటో లేదు.

ఈ 30 రోజుల లెక్క గుర్తుపెట్టుకోండి. గూగుల్ డ్రైవ్ బిన్‌లో ఫైల్స్ 2020 అక్టోబర్ 13 నుంచి 30 రోజులకి వాటంతటవే పోతున్నాయి. అంతకుముందు మనం ఖాళీ చేసేదాకా అలాగే ఉండేవి. పర్సనల్ వన్‌డ్రైవ్‌లో కూడా 30 రోజులే. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో డిలీట్ చేస్తే బిన్‌లో 60 రోజులు ఉంటుంది. ఫోన్‌లో ఇంకో తేడా కూడా చూసుకోండి. గూగుల్ ఫోటోస్‌లో "ఫ్రీ అప్ స్పేస్" నొక్కితే ఫోన్‌లో కాపీ మాత్రమే పోతుంది, క్లౌడ్‌లో ఉంటుంది. అదే బ్యాకప్ అయిన ఫోటో సెలెక్ట్ చేసి డస్ట్‌బిన్ బొమ్మ నొక్కితే రెండు చోట్లా పోతుంది. రెండూ ఒకటి కాదు.

ఓకే, ఇప్పుడు ట్రబుల్‌షూటింగ్. నేను చెప్పే ఆర్డర్‌లోనే చెయ్యండి, ఆర్డర్ ముఖ్యం.

ఒకటి, సింక్ పాజ్ చెయ్యండి. కంప్యూటర్‌లో గడియారం పక్కన క్లౌడ్ ఐకాన్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో "పాజ్ సింకింగ్". అంతే. డిస్‌కనెక్ట్ అకౌంట్ వద్దు, సైన్ అవుట్ వద్దు, అన్‌ఇన్‌స్టాల్ అసలే వద్దు. ఎందుకో చెప్తా. ఇంకా అప్‌లోడ్ అవ్వని ఫైల్స్ కొన్నిసార్లు యాప్ లోపలి క్యాష్‌లో మాత్రమే ఉంటాయి. 2023 నవంబర్‌లో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ వెర్షన్ 84లో సింక్ సమస్య వచ్చి కొంతమందికి కొన్ని నెలల ఫైల్స్ కనిపించకుండా పోయాయి. అప్పుడు గూగుల్ ఇచ్చిన మొదటి సలహా ఇదే: డిస్‌కనెక్ట్ అకౌంట్ నొక్కకండి, యాప్ డేటా ఫోల్డర్ డిలీట్ చెయ్యకండి. డిసెంబర్‌లో రికవరీ టూల్ ఇచ్చారు. మనకి దాంట్లోంచి పాఠం ఏంటంటే, కంగారులో యాప్ తీసేస్తే తిరిగి తెచ్చుకునే దారి కూడా మూసుకుపోవచ్చు.

రెండు, ఫోన్ తీసుకోండి. క్లౌడ్‌లో నిజంగా ఏముందో ఫోన్‌లో చూడండి, కంప్యూటర్‌లో గ్రీన్ టిక్ చూసి నమ్మకండి. డ్రైవ్ యాప్‌లో ఫైల్స్‌లోకి వెళ్తే "కంప్యూటర్స్" అని ఉంటుంది. డిస్క్‌లోంచి సింక్ పెట్టిన ఫోల్డర్ అక్కడ కనిపిస్తుంది, మై డ్రైవ్‌లో కాదు. "నా ఫైల్స్ లేవు" అని అడిగేవాళ్లలో కొందరు చూస్తున్నది మై డ్రైవ్‌లో అన్నమాట. అక్కడా లేకపోతే బిన్ చూడండి. ఉంటే ముందు రీస్టోర్, మిగతావి తర్వాత.

మూడు, డిస్క్ ఆరోగ్యం. హబ్‌లు, పొడుగు వైర్లు తీసేసి డైరెక్ట్‌గా లాప్‌టాప్‌కి పెట్టండి. వైర్ మార్చి చూడండి, వదులైన వైర్ వల్ల మధ్య మధ్యలో డిస్క్ కట్ అయ్యి వస్తుంది. డిస్క్‌లోంచి టిక్ టిక్ అని సౌండ్ వస్తుంటే అక్కడే ఆపేయండి. స్కాన్లు, రిపేర్లు పెట్టకండి. కదిలే భాగాలు అరిగిపోతున్న డిస్క్‌కి ప్రతి నిమిషం విలువైనదే, ముఖ్యమైన డేటా ఉంటే డేటా రికవరీ వాళ్లకి చూపించండి. సౌండ్ ఏం లేకపోతే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చూడండి. "కాషన్" అని పసుపు రంగులో వస్తే, ముందు ఫైల్స్ వేరే చోటికి కాపీ, ఆ తర్వాతే సింక్ సంగతి.

నాలుగు, డ్రైవ్ లెటర్. ఇది చాలామందికి తట్టదు. నిన్న మీ డిస్క్ ఎఫ్ డ్రైవ్‌గా వచ్చింది. ఇవాళ ముందుగా పెన్‌డ్రైవ్ పెట్టారు, ఎఫ్ దానికి వెళ్లిపోయింది, మీ డిస్క్ హెచ్‌గా వచ్చింది. సింక్ యాప్ పాపం పాత అడ్రస్‌కే వెళ్లి తలుపు కొడుతుంది, "ఫోల్డర్ దొరకట్లేదు" అంటుంది. ఇల్లు మారలేదు, నంబర్ ప్లేట్ మారింది. స్టార్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "చేంజ్ డ్రైవ్ లెటర్" నొక్కి, పాత లెటర్ ఇచ్చేయండి. కొత్తగా సింక్ పెట్టబోతున్నవాళ్లయితే మొదటి రోజే ఎస్, టి లాంటి చివరి లెటర్ ఇవ్వండి, పెన్‌డ్రైవ్‌లతో గొడవ ఉండదు. పొరపాటున కూడా అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ క్రియేట్ చేసి యాప్‌కి చూపించకండి. ఖాళీ ఫోల్డర్‌ని అద్దం ఎలా చూపిస్తుందో మీకు ఇప్పుడు తెలుసు.

ఐదు, ఫార్మాట్. డిస్క్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, "ఫైల్ సిస్టమ్" దగ్గర చూడండి. ఫ్యాట్32 అని ఉంటే 4 జీబీ కంటే పెద్ద ఫైల్ ఒక్కటి కూడా పట్టదు, పెళ్లి వీడియో ఎక్కదు. విండోస్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ పెట్టాలంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ తప్పనిసరి, 2017 నుంచి ఈ రూల్ గట్టిగా అమలవుతోంది. ఎక్స్‌ఫ్యాట్ అయితే మ్యాక్‌కీ, విండోస్‌కీ, చాలా ఫోన్లకీ పనికొస్తుంది కానీ మధ్యలో వైర్ పీకితే పాడయ్యే ఛాన్స్ ఎక్కువ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుంది కానీ దాంట్లో రాయదు. ఫార్మాట్ మార్చడం అంటే మామూలుగా డిస్క్ మొత్తం చెరిపేయడమే. ఇంకో కాపీ లేకుండా ఆ బటన్ దగ్గరికి వెళ్లకండి.

ఆరు, జాగా. గూగుల్‌లో ఫ్రీగా వచ్చే 15 జీబీ జీమెయిల్, ఫోటోస్, డ్రైవ్ మూడింటికీ కలిపి. 2021 జూన్ 1 నుంచి ఫోటోస్‌లో అన్‌లిమిటెడ్ కూడా లేదు. 1 టీబీ డిస్క్‌ని 15 జీబీలో సింక్ పెడితే బిందెడు నీళ్లు గ్లాసులో పోసినట్టే. ఇంకోటి, స్ట్రీమ్ మోడ్‌లో క్యాష్ మీ సి డ్రైవ్‌లో కూర్చుంటుంది. డిస్క్ ఖాళీగా ఉన్నా సి డ్రైవ్ ఎర్రగా నిండితే యాప్ ఆగిపోతుంది.

ఏడు, టైమ్. కొన్నిసార్లు సింక్ ఆగిపోలేదు, మెల్లగా వెళ్తోంది. లెక్క వేద్దాం. 200 జీబీ, అప్‌లోడ్ స్పీడ్ సెకనుకి 40 మెగాబిట్స్ ఉంటే దాదాపు 11 గంటలు. అదే 5 మెగాబిట్స్ అయితే 89 గంటలు, అంటే మూడున్నర రోజులు పైనే. నెట్ ప్లాన్ మీద రాసింది డౌన్‌లోడ్ స్పీడ్ అయ్యుండొచ్చు, అప్‌లోడ్ టెస్ట్ చేసి చూడండి. రాత్రి వదిలేసేటప్పుడు లాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్స్ మార్చండి. పవర్ ఆప్షన్స్‌లో "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" ఆఫ్ చేస్తే డిస్క్ మధ్యలో నిద్రపోదు.

ఇవన్నీ అయ్యాక పాజ్ తీసేయండి. ఒక చిన్న టెస్ట్ ఫైల్ పెట్టి, అది ఫోన్‌లో కనిపించిందా చూసుకోండి. కనిపిస్తే సింక్ బాగైనట్టు.

డిస్క్ తీసేటప్పుడు కూడా ఒక మాట. ముందు సింక్ యాప్ క్విట్ చెయ్యండి, తర్వాత సేఫ్‌గా ఎజెక్ట్, తర్వాతే వైర్. విండోస్ 10లో 2018 వెర్షన్ నుంచి ఎజెక్ట్ లేకుండా తీసినా పర్లేదన్నట్టు సెట్టింగ్ మార్చారు, కానీ అది కాపీ నడవనప్పుడు మాత్రమే. సింక్ నడుస్తుండగా పీకితే? యాప్ నడుస్తున్నప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ ఊడిపోతే, డిస్క్ మొత్తం పోయిందని గ్రహించేలోపే యాప్ ఫైల్స్ డిలీట్ చెయ్యడం మొదలుపెట్టే చిన్న ప్రమాదం ఉందని డ్రాప్‌బాక్స్ వాళ్లే తమ హెల్ప్ పేజీలో హెచ్చరించారు. కంపెనీయే చెప్తుంటే మనం వినాలి కదా.

ఇప్పుడు అసలు సంగతి. సింక్ బాగైంది, సంతోషం. కానీ లాకర్ ఏది? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ పాపులర్ చేసిన 3-2-1 అనే రూల్ ఉంది. 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్, 1 కాపీ ఇంటి బయట. ఇది కనిపెట్టింది సర్వర్ల ఇంజనీర్ కాదు, మన స్టూడియో అన్న లాంటి ఫోటోగ్రాఫరే ప్రచారం చేశాడు, గమనించండి.

ఇంటి బయట ఎందుకు? మూసీ పక్కన ఉండే మనకి ఆ ప్రశ్న అవసరం లేదు. 2020 అక్టోబర్ 13 గుర్తుందా? ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటిన వాన. ఉప్పల్, నాచారం వైపు కాలనీల్లో నీళ్లు. గ్రౌండ్ ఫ్లోర్‌లో కింది అరలో లాప్‌టాప్, దాని పక్కనే హార్డ్ డిస్క్ ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. రెండు కాపీలు ఒకే టేబుల్ మీద ఉంటే అవి ఒక కాపీ కిందే లెక్క.

పోనీ మొత్తం క్లౌడ్‌లో పెట్టేస్తే? క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండదు, వేరే ఎవరిదో బిల్డింగ్‌లో ఉన్న డిస్కులే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్ అనే ఊళ్లో ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోయింది. ప్రభుత్వ ఉద్యోగులు వాడే జి-డ్రైవ్ అనే స్టోరేజ్‌లో 858 టెరాబైట్ల డేటా పోయింది, బయట ఇంకో కాపీ లేదు. అది గూగుల్ డ్రైవ్ కాదు, పేరు చూసి కంగారు పడకండి. ఒక దేశ ప్రభుత్వానికే అలా జరిగితే మన పెళ్లి ఫోటోల మాటేంటి?

కాబట్టి ఇలా చెయ్యండి. సింక్ పెట్టిన డిస్క్ ఒకటి, క్లౌడ్ రెండు. మూడోది ఇంకో డిస్క్, దానికి ఏ సింక్ యాప్ తగిలించొద్దు. నెలకోసారి పెట్టి కాపీ చేసి, తీసి, అక్కవాళ్ల ఇంట్లోనో ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో బీరువాలో పెట్టండి. కొత్త డిస్క్‌కి డబ్బులు లేకపోతే అన్నీ వద్దు, పోతే మళ్లీ తీసుకోలేనివి మాత్రం తీయండి. సినిమాలు మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి, తాతయ్య వాయిస్ నోట్ అవ్వదు. అవి ఎన్ని జీబీ ఉంటాయో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు, 64 జీబీ మంచి పెన్‌డ్రైవ్‌లో సరిపోవచ్చు. రోడ్డు పక్కన మూడొందలకి 2 టీబీ పెన్‌డ్రైవ్ అని అమ్మితే మాత్రం కొనకండి. సైజు ఎక్కువ చూపించే ఫేక్‌లు ఉంటాయి, కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు.

ఇక లాస్ట్ పాయింట్. డిస్క్‌లోంచి ఏదైనా డిలీట్ చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇది అద్దంలో కాకుండా లాకర్‌లో ఉందా?" ఉందంటే డిలీట్ కొట్టండి. లేదంటే ఆగండి.

మీ డిస్క్‌లో ఏ ఎర్రర్ వస్తుందో కామెంట్‌లో పెట్టండి. యాప్ పేరు, విండోసా మ్యాకా, డిస్క్ ఫార్మాట్, ఈ మూడూ రాస్తే జవాబు తొందరగా ఇస్తాను. పాస్‌వర్డ్‌లు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి, నా పేరు చెప్పి అడిగినా సరే. మీ ఫ్రెండ్స్‌లో ఫోటోలన్నీ ఒకే డిస్క్‌లో పెట్టుకున్నవాళ్లు కచ్చితంగా ఒకరు ఉంటారు, వాళ్లకి ఇది పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఓటీజీ కేబుల్‌తో ఫోన్ నుంచి నేరుగా డిస్క్‌లోకి ఎలా కాపీ చెయ్యాలో చూద్దాం.