బొగ్గుగనికి ముందు బావుల లెక్క



ఇల్లందు ప్రాంతమున బొగ్గు ఉన్నదని 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించెను. గోదావరి లోయ పల్లెలలో క్రొత్త గని వచ్చునన్న మాట పుట్టినప్పుడెల్ల ఉద్యోగములెన్ని, ఎకరము ధర యెంత అని అడుగువారు పదుగురు. ఊరి బావి యేమగునని అడుగువాడు ఒక్కడు. ఆ ఒక్కని ప్రశ్నయే ఈ ప్రసంగమునకు విషయము.

ఈ లోయలో బొగ్గు బరాకర్ అను పేరుగల ఇసుకరాతి పొరలలో ఉన్నది. దానిపై బొగ్గులేని పొరలు, వానిపై పెక్కుచోట్ల కామ్తి ఇసుకరాయి. చూచుటకు గట్టిదే గాని, ఈ రాతి రేణువుల సందులలో నీరు నిలుచును. నడుమ నడుమ బంకమట్టి పొరలు మూతలవలె పరచుకొని ఉండుటచే, క్రింద చిక్కిన నీటికి ఒత్తిడి హెచ్చు. మణుగూరు చెంత పగిడేరులో బొగ్గు జాడకై దింపిన బోరులనుండి వేడినీరు తనంత తానే పైకుబికినది.

ఆరవ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమును భూగర్భజలమునకే కేటాయించెను. దేహమున సిరలవలె భూమిలో జలసిరలు కలవని అతని భావము. ఇసుకరాతిలో నీరు సిరలుగా గాక తడిగుడ్డలోవలె అంతటను వ్యాపించి ఉండును. చెట్టును పుట్టను చూచి అతడు చెప్పిన గుర్తులన్నియు నేటి పరీక్షకు నిలుచునని కాదు. కాని లోతును పురుష ప్రమాణమున, అనగా చేతులెత్తి నిలిచిన మనుష్యుని ఎత్తున, కొలిచి చెప్పెను. గ్రహింపవలసినది ఆ కొలుచు బుద్ధి.

గొయ్యి నీటిమట్టమునకు దిగువకు పోయిననాడు చుట్టునున్న నీరు దానివైపు నడచును. తోడక తప్పదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాదు చెంత చస్నాలా గనిలో నీరు చొరబడి 370 మందికి పైగా మరణించిరి. 2003 జూన్ 16న గోదావరిఖనిలో నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు మడిసిరి. కనుక నీరు తోడవద్దని గనిని కోరుట వ్యర్థము. తోడినకొలది నీటిమట్టము గొయ్యి చెంత హెచ్చుగా, దూరమున తక్కువగా, గరాటు ఆకారమున దిగును. అది ఎంతదూరము ప్రాకునో రాతి గుణమును, పగుళ్లను, బంకపొరలను బట్టి యుండును. దగ్గరి నుయ్యి నిలిచి దూరపు నుయ్యి ఎండుటయు కలదు.

తగవు ఇచ్చటనే పుట్టును. నుయ్యి ఎండినది గనివలన అని రైతు అనును. వానలు లేకపోవుటవలన అని గనివారందురు. ఇద్దరి మాటయు నిజము కావచ్చును. ముందటి కొలత లేనిచో తీర్పు చెప్పుట ఎవ్వరికిని సాధ్యము కాదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము బహిరంగ విచారణకు కనీసము 30 దినముల ముందు ప్రకటన రావలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో ఉండవలెను. దానిలో ఏ నూతులు కొలిచిరో, ఏ నెలలో కొలిచిరో వెదకి చూడవలెను. ఒక్క ఋతువు కొలత, ఏడాది ఖాతాలో ఒక్కనాటి జమవంటిది. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలన బావులను ఏడాదికి నాలుగుమారులు కొలుచుచున్నది.

కొన్నిచోట్ల గనినీటిని చెరువులకు మళ్లింతురు. అది మేలే. కాని గని మూతపడి పంపులు ఆగిననాడు ఆ నీరును ఆగును. నేలలోని మట్టము తిరిగి లేచుటకు ఏండ్లు పట్టును.

ఏ వేసవికి చేదత్రాటికి ఎన్ని మూరలు చేర్చవలసి వచ్చెనో నీరు తోడు స్త్రీలకు తెలిసినంత ఏ ఉద్యోగికిని తెలియదు. ఆ తెలివి కాగితమునకు ఎక్కవలెను. పుస్తకమున ప్రతి నూతికి ఒక పుట. అందు సర్వే నంబరు, మొత్తము లోతు, తేది, ఒరనుండి నీటివరకు దూరము, నీటి రుచి. ఒరపై రంగుగుర్తు పెట్టి ఎల్లప్పుడును అచ్చటినుండియే కొలువవలెను. బోరులను రాత్రియంతయు విశ్రమింపనిచ్చి, ఉదయమున మోటారు వేయకముందే కొలువవలెను. వైశాఖమున ఒకమారు, కార్తికమున ఒకమారు. కొలిచినవాడును చూచినవాడును చేవ్రాలు చేయవలెను. ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి గ్రంథాలయపు బీరువాలో ఉండవలెను.