మా కాలంలో అయితేనా...

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాతో 1985లో పదో తరగతి రాసిన మిత్రులు, మా ముందువాళ్లు, తర్వాతివాళ్లు ఇక్కడున్నారు. ఆ వెనక కుర్చీల్లో ఈమధ్యే డిగ్రీలు పూర్తి చేసిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఉన్నారు. కమిటీవారు నన్ను మీ గురించే మాట్లాడమన్నారు. "నేటి యువత, ఉద్యోగ జీవితం" అని అంశం ఇచ్చారు.

మా లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు. మా క్లాసులో అడుగుపెట్టిన మొదటి రోజే ఆయన, "ఇంత బద్ధకపు బ్యాచ్‌ని నా సర్వీసులో చూళ్లేదురా" అన్నారు. మేం నిజంగానే సిగ్గుపడ్డాం. ఇవాళ పొద్దున టిఫిన్ల దగ్గర 1979 బ్యాచ్ అన్నయ్యల్నీ, 1994 బ్యాచ్ వాళ్లనీ అడిగాను. వాళ్లకీ ఇదే మాట చెప్పారట. 1979 నాటికి ఆయన సర్వీసు రెండేళ్లే! మాస్టారూ, క్షమించాలి.

నవ్వుకుంటున్నాం గానీ, ఉద్యోగంలో పై కుర్చీకి వచ్చాక నేనూ అదే మాట అన్నాను. అది నవ్వులాటగా పోలేదు.

నేను ఇంజనీరింగ్ పూర్తి చేసింది 1991లో, దేశం బంగారం తాకట్టు పెట్టిన ఏడాది. పద్నాలుగు నెలలు ఖాళీగా తిరిగాక, కరెంటు లైన్లు వేసే ఒక కంపెనీలో ట్రైనీగా చేరాను. మూడేళ్ల బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలో. అక్కడ ఏడేళ్లు ఉన్నాను. పెళ్లిళ్లలో కుర్రాళ్లు కనిపిస్తే, "మేం ఒకేచోట ఏడేళ్లు చేశాం, మీరు ఏడాదికోటి మారుస్తారు" అనేవాణ్ణి. నిజానికి రెండో ఏడాదే మానేద్దామనుకున్నాను. సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. బాండు తీరేసరికి చెల్లి పెళ్లి అప్పు మెడ మీదుంది. అలా ఉండిపోయినదానికి తర్వాత నేనే విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను.

ఆరేళ్ల కిందటి సంగతి చెబుతాను. అప్పటికి వేరే కంపెనీలో ఉన్నాను. ఒక టవర్ లైను మీద రెండు సర్క్యూట్లు. ఒకదాంట్లో సప్లై ఆపి ఇన్సులేటర్లు మార్చాలి, రెండోది నడుస్తూనే ఉంటుంది. నాలుగు గంటల షట్‌డౌన్. లైన్ క్లియర్ ఫోన్లో వచ్చింది, కాగితం తర్వాత పంపుతామన్నారు. అక్కడున్న కొత్త ట్రైనీ గ్యాంగ్‌ని టవర్ ఎక్కనివ్వలేదు. "పర్మిట్ కాగితం చేతికి రావాలి సార్. పనిచేసేచోటికి రెండువైపులా ఎర్తింగ్ వెయ్యాలి, మన దగ్గర ఒకవైపుకే ఉంది" అన్నాడు. మిగతా సామాను నలభై కిలోమీటర్ల దూరంలో స్టోర్లో ఉంది. ఆ రోజు పని పోయింది. "ఈ తరానికి పని చెయ్యడం తప్ప అన్నీ వచ్చు" అని గ్యాంగ్ ముందే అన్నాను. ఏడాది చివర రిపోర్టులో "ఓర్పు లేదు, బాధ్యత తక్కువ" అని రాశాను. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. నాలుగో నెలలో మానేశాడు. "చూశారా, నిలబడరు" అని అందరికీ చెప్పిందీ నేనే.

కరెంటు పని తెలియనివాళ్లకు ఒక్క మాట. పక్క సర్క్యూట్ నడుస్తుంటే, సప్లై ఆపేసిన తీగలో కూడా ప్రేరణ వల్ల వోల్టేజీ పుడుతుంది. స్విచ్ తీశాం కదా అని ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. అందుకే రెండువైపులా తీగను భూమికి కలుపుతారు. ఇది నాకు బాగా తెలుసు. 1993లో ఒకవైపే ఎర్తింగ్ వేసిన లైను మీద మా గ్యాంగ్‌లో ఒకాయన కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ పొద్దున రెండోవైపు సంగతేంటని నేను అడిగాను. "మీ కాలం కుర్రాళ్లకి అన్నీ భయాలే" అన్నారు పైవాళ్లు. నోరు మూసుకున్నాను.

ఆ కుర్రాడు మానేసిన మరుసటి ఏడాది, ఆ పెద్దాయన చిన్నకూతురి పెళ్లికి వెళ్లాను. ఆయన ఎడమచేత్తో అక్షింతలు వేస్తుంటే అప్పుడు తట్టింది నాకు, నేను రిపోర్టులో ఏం రాశానో. నేను అడిగి ఊరుకున్న మాటే వాడు అడిగి నిలబడ్డాడు.

వాడు నాకన్నా ధైర్యవంతుడని కూడా అనను. వాడి సర్టిఫికెట్లు వాడి దగ్గరే ఉన్నాయి. ఇంకో ఉద్యోగం ఫోన్లో కనబడుతోంది. 1993లో ఆ రెండూ నాకుంటే నేనూ గట్టిగా అడిగేవాణ్ణేమో. తరం గుణం అని మనం అనేదాంట్లో చాలాభాగం, ఉద్యోగంలో చేరిన రోజున మన చేతిలో ఏముందన్నదే.

ఇప్పుడు వీటికి పేర్లు కూడా వచ్చాయి. 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్లు మిలేనియల్స్, ఆ తర్వాతివాళ్లు జెన్ జీ. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాడిన లెక్క ఇది. ఆ పట్టిక ప్రకారం నేను జెన్ ఎక్స్. అక్కడ నా ఈడువాడు రంగుల టీవీ చూస్తూ పెరిగుంటాడు. మా వీధి మొత్తానికి ఉన్న ఒక్క టీవీ ముందు నేను కిటికీలోంచి చూశాను. మా ఇద్దరికీ ఒకే స్వభావమట! అక్కడి జాతీయ అకాడమీలే 2020లో ఒక నివేదిక ఇచ్చాయి, ఈ తరాల పేర్లు పట్టుకుని ఉద్యోగుల్ని నడిపించడానికి తగిన ఆధారాలు లేవని. మన ఆఫీసుల్లో మాత్రం వాటిమీద ఇంకా శిక్షణ తరగతులు పెడుతున్నారు. భోజనం బాగుంటుంది.

అలాగని కుర్రాళ్లందరూ బంగారం అనను. చెప్పులతో సైటుకొచ్చినవాడున్నాడు. నెల తిరక్కుండా జీతం పెంచమన్నవాడున్నాడు. మా బ్యాచ్‌లోనూ అలాంటివాళ్లున్నారు. పేర్లు చెప్పను, రెండో వరసలో కూర్చున్నారు.

పోయిన సంక్రాంతికి ఆ అబ్బాయి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. తప్పు నాదేనని చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు. ప్రొబేషన్ పూర్తికానట్టు కాగితం ఉండడంతో తర్వాత చేరినచోట మళ్లీ ట్రైనీగానే తీసుకున్నారట. రెండేళ్లు పోయాయి. నేను రాసిన రిపోర్టు ఇప్పుడు మార్చడానికి వీల్లేదన్నారు మా ఆఫీసులో. అయినా ఒక ఉత్తరం రాసి ఆ ఫైల్లో పెట్టించాను. అతనికీ ఒక కాపీ పంపాను.

చివరగా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. ఇంజనీరింగ్, డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఎవరైనా వేసవిలో నా సైటుకు రావచ్చు. నా నంబరు కమిటీ దగ్గరుంది. హెల్మెట్, బూట్లు నేనిస్తాను. పర్మిట్ కాగితం చూపించకుండా టవర్ ఎక్కమంటే మాత్రం ఎక్కకండి, ఆ చెప్పేది నేనైనా సరే.