ఆసనము - సుఖము



ధ్యానము చేయగోరి కన్నులు మూసికొన్నవాని దృష్టి మొదట పరమాత్మ మీదికి పోదు. మోకాలి మీదికి పోవును. పది నిమిషములు గడచునప్పటికి కాలు తిమ్మిరి యెక్కును, నడుము పీకును, మెడ బరువెక్కును. అప్పుడు కొందరు “ఇది మనవలన గాదు” అని లేచిపోయి మరల ఆ వంక చూడరు. మరికొందరు నొప్పియే తపస్సని పండ్లు బిగించి కూర్చుందురు. మొదటివారికి ధ్యానము పోవును. రెండవవారికి మోకాలు పోవును. ఈ రెండు నష్టములును అనవసరములే.

మొదట పెద్దల మాట చూతము. పతంజలి మహర్షి యోగసూత్రములలో ఆసనమునకు చెప్పిన లక్షణములు రెండే: అది కదలక నిలుచునది కావలెను, సుఖమైనది కావలెను. కాళ్లను ఎట్లు మడువవలెనో ఆయన విధింపలేదు. ఆ వెంటనే, ప్రయత్నమును సడలించుటచే ఆసనము సిద్ధించునని చెప్పెను గాని, బిగించుటచే సిద్ధించునని చెప్పలేదు. వ్యాసభాష్యము పద్మాసన వీరాసనాదులను పేర్కొనుచు, ‘సోపాశ్రయము’ అనగా ఆధారముతో కూడిన ఆసనమును, తుదకు ‘యథాసుఖము’ అనుదానిని గూడ ఆ వరుసలో చేర్చినది. ఆ ఆధారము యోగపట్టమని వాచస్పతి మిశ్రుని వ్యాఖ్య. యోగనరసింహ విగ్రహములలోను, శబరిమల అయ్యప్పస్వామి మూర్తిలోను మోకాళ్లచుట్టు కనబడు పట్టీ అదియే. స్వామికే పట్టీ తగినప్పుడు అరువది యేండ్ల రైతు గోడకు చేరగిలబడి కూర్చున్నచో దోషమేమి? భగవద్గీత ఆరవ అధ్యాయము గూడ మిక్కిలి ఎత్తును, మిక్కిలి పల్లమును గాని చోట దర్భ, చర్మము, వస్త్రము పరచుకొనవలెనని చెప్పినది. కటికనేల మీద కూర్చుండుమని చెప్పలేదు.

ఇక శరీరధర్మము. తుంటికీలు గిన్నెలో అమరిన బంతి వంటిది, పలువైపులకు తిరుగును. మోకాలికీలు తలుపుబందు వంటిది; ముడుచుటకును చాచుటకునే ముఖ్యముగా ఏర్పడినది. పద్మాసనమున పాదము ఎదుటి తొడ మీదికి రావలెనన్నచో తొడయెముక తుంటివద్ద వెలుపలికి తిరుగవలెను. అచ్చట తిరుగనప్పుడు చేతులతో పాదమును లాగినచో ఆ మెలి యంతయు మోకాలి మీద పడును. మోకాలిలో నెలవంకల వంటి మెత్తని యెముకలు రెండు గలవు. వాని లోపలి భాగమునకు రక్తప్రసారము లేనందున, అచ్చట చిరిగినచో మానుట కష్టము. తుంటి గిన్నె లోతును, తొడయెముక వాలును మనిషి మనిషికి వేరుగా నుండును. కావున కొందరికి ఎన్నియేండ్లు సాధన చేసినను పద్మాసనము పడదు. అది వారి భక్తిలోని లోపము కాదు, ఎముకల అమరిక.

పూర్వము పీట మీద భోజనము, చాప మీద చదువు, అరుగు మీద ముచ్చట. కూర్చుండుట బాల్యమునుండియే అలవడెడిది. బడిలో బల్లలు, ఇంట కుర్చీలు వచ్చిన పిమ్మట పెరిగినవారికి ఆ అలవాటు లేదు. వారు ఒక్కనాడే గంటసేపు కూర్చుండబూనుట, కొత్త గిత్తను మొదటినాడే రోజంతయు కాడికి కట్టుట వంటిది. మొదట ఐదు నిమిషములు చాలును. వారమునకు ఒకటి రెండు నిమిషములు పెంచుకొనవచ్చును.

అన్నిటికంటె సులభమైన ఉపాయము ఒక దుప్పటి. దానిని నాలుగు మడతలు వేసి పిరుదుల క్రింద మాత్రమే ఉంచుకొనవలెను. నేల మీద చదునుగా కూర్చున్నప్పుడు బిగిసిన తొడలు కటిని వెనుకకు లాగును. వెన్ను విల్లువలె వంగును. నడుమునొప్పి అందుచేతనే వచ్చును. పిరుదులు ఎత్తుగా నున్నప్పుడు కటి కొంచెము ముందునకు వాలి, మోకాళ్లు క్రిందికి దిగి, వెన్ను తనంతట నిలుచును. మోకాళ్లు గాలిలో వ్రేలాడుచున్నచో వాని క్రిందను, చీలమండ నేలకు ఒరయుచున్నచో దాని క్రిందను గుడ్డమడత నుంచవలెను. వజ్రాసనమున కూర్చుండువారు మడమలకును పిరుదులకును నడుమ దిండు పెట్టుకొనవచ్చును. ఏదియు పడనివారు కుర్చీ అంచున, పాదములు రెండును నేలకు ఆనించి కూర్చుండవచ్చును. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగారు ఆసనములకు దుప్పట్లను, కొయ్యదిమ్మెలను, పట్టీలను విరివిగా వాడి, దేశ విదేశములలో ఆ పద్ధతిని వ్యాపింపజేసిరి.

తిమ్మిరి నరము నొక్కుకొనుటచే వచ్చునది. కాలు సవరించుకొన్నచో కొలది నిమిషములలో పోవును. కాని తిమ్మిరికాలితో దిగ్గున లేచినచో అడుగు తెలియక పడుదురు. వృద్ధులకు అది ఎముక విరుగు ప్రమాదము. కాలు చాచి, పిక్కను నిమిరి, స్పర్శ తెలిసిన పిమ్మటనే లేవవలెను.

బాధలన్నియు ఒకటి కావు. ముక్కు దురద, ఊరక కదలవలెనను ఆరాటము మనస్సు పెట్టు పేచీలు. నాలుగు శ్వాసలు ఓపిక పట్టినచో వానిలో పెక్కు వానంతట పోవును. ఆ ఓర్పు ధ్యానములోని భాగమే. తొడలలోని లాగుడు, లేవగానే తగ్గునట్టిది, భయపడదగినది కాదు. మోకాలిలో సూదితో పొడిచినట్టి నొప్పి, వాపు, కీలు పట్టివేయుట, లేచినను తగ్గని తిమ్మిరి మాత్రము హెచ్చరికలు. అచ్చట ఓర్పు సద్గుణము కాదు. వెంటనే ఆసనము విడువవలెను. మరల మరల వచ్చుచున్నచో వైద్యునికి చూపించుకొనవలెను.

ఈ మాటలు గ్రంథాలయమునకు పరాయివి కావు. చదువరియు ఒకచోట కదలక కూర్చుండువాడే. పురాణము చెప్పు పెద్దలు గ్రంథమును నేల మీద పెట్టలేదు. వ్యాసపీఠము మీద నిలిపిరి. అది గ్రంథమునకు గౌరవము, చదువువాని మెడకు విశ్రాంతి. ఇచ్చటి చాపల ప్రక్కనే నాలుగు మడత దుప్పట్లు, గోడవార వృద్ధుల కొరకు రెండు కుర్చీలు ఉన్నచో, మోకాళ్లనొప్పిచే ఇల్లు కదలని పాఠకుడు గూడ మరల ఈ గడప తొక్కును. గ్రంథమునకు పీఠము వేసిన జాతి దానిని చదువువానికి గూడ సుఖాసనము వేయుగాక!

శుభమస్తు.