మనసు మరచినా మరువని మేను



నిజాంసాగరపు నీటితో బోధన్ ప్రాంతములో చెరుకు పెరిగింది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము నీడలో శక్కర్‌నగర్ వెలసింది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడింది. పని పోయిన కార్మికుని దిగులు, పంట దెబ్బతిన్న రైతు వేదన, గల్ఫు నుండి కొడుకు శవపేటిక వచ్చిన ఇంటి గుండెకోత, ఇవేవీ నిజామాబాదు జిల్లాకు తెలియనివి కావు. అయితే ప్రతి దుఃఖమూ వ్యాధి కాదు. చాలమందికి కాలమూ, అయినవారి తోడూ చాలును. కొందరికి మాత్రము గాయము లోపలనే నిలిచిపోతుంది.

చెరుకు ట్రాక్టరు బోల్తాపడగా బ్రతికి బయటపడిన ఒక కూలీని ఊహించుకొనండి. విరిగిన ఎముక అతికింది, ఏడాది గడిచింది. అయినా వీధిలో ట్రాక్టరు చప్పుడు వినగానే అతని గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, రాత్రి ఉలికిపడి లేస్తాడు. “ఎప్పుడో అయిపోయింది, మరచిపో అన్నా” అంటారు ఇరుగుపొరుగువారు. మరచుట అతని చేతిలో లేదు.

ఆపదలో దేహము పోరాడుటకో, పారిపోవుటకో సిద్ధమవుతుంది. ఎడ్రినలిన్ ఊరుతుంది, ఊపిరి వేగమవుతుంది, కండరాలు బిగుస్తాయి. అది ప్రకృతి ఇచ్చిన రక్షణ. ఆపద తొలగినా ఆ సన్నాహము సడలకపోవుటయే చిక్కు. ఇది పిరికితనము కాదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన రోగవర్గీకరణలో దీనికి ప్రత్యేకస్థానమిచ్చింది.

దీనికి సాయపడే మార్గాలలో కౌన్సెలింగు ఒకటి. అది హితబోధ కాదు. తీర్పు చెప్పక, తొందరపెట్టక వినుట. చెప్పుకొనే వేళను, మోతాదును బాధితుడే నిర్ణయించుకోవాలి. సంఘటన జరిగిన వెంటనే అతనిచేత బలవంతముగా కథ చెప్పించుట మేలు చేయదు. లక్షణాలు నెలలు గడిచినా తగ్గకున్నచో, శిక్షణ పొందినవారు చేసే మనోచికిత్స అవసరము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో అట్టి చికిత్సలను సిఫారసు చేసింది.

రెండవది దేహస్పృహ. భయము పొడసూపినపుడు పాదాలను నేలపై ఆనించి, నేల తన బరువును మోయుచున్నదని గమనించుట. పీల్చినదానికంటె నెమ్మదిగా ఊపిరి విడుచుట. బిగిసిన దవడను, భుజాలను సడలించుట. ఇట్లు చేసినపుడు, ఆపద గతమనీ, తానున్నది ఈ క్షణమనీ దేహానికి మెల్లమెల్లగా తెలిసివస్తుంది. అయితే ఒక హెచ్చరిక. కొందరికి ఊపిరిపై దృష్టి పెట్టగానే భయము హెచ్చుతుంది. అట్టివారు కన్నులు తెరచి, ఎదుటనున్న చెట్టును, గోడను, మనుషులను ఒక్కొక్కటిగా గుర్తించుట మేలు. ఈ అభ్యాసాలు చికిత్సకు తోడేగాని, చికిత్సకు మారు కావు.

మన దేశములో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వ వ్యవస్థ ద్వారా చికిత్స పొందుటను ప్రతి వ్యక్తి హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితముగా, రేయింబవళ్లు అందుతున్నది. చనిపోవాలనే మాట ఎవరి నోటనైనా వచ్చినచో, దానిని తేలికగా కొట్టివేయక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని వద్దకు చేర్చవలెను.

విరిగిన కాలికి కట్టు కట్టించుకొనుటకు మనము సిగ్గుపడము. బెదరిన మనసుకు చికిత్స చేయించుకొనుటకు మాత్రము సిగ్గెందుకు? ఆ కూలీ ఒకనాడు ట్రాక్టరు చప్పుడు విని, ఒక క్షణము ఆగి, ఊపిరి విడిచి, తన దారిన తాను నడిచిపోగలిగితే, అదే స్వస్థత.